"దే బీ టాకింగ్"లో ఆ "బీ" ఏ కాలం?

బరంపురం నుంచి:
మా అక్క కొడుకు ప్లస్ టూ చదువుతున్నాడు. ఇంగ్లీషంతా ర్యాప్ పాటల్లోంచే నేర్చుకుంటున్నాడు, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తెలియని మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని. వాడికి వచ్చినన్ని మాటలు నాకు డిగ్రీ అయ్యేనాటికి కూడా రాలేదు. మొన్న పరీక్షలో "హీ బీ లేట్" అని రాస్తే మాస్టారు ఎర్రసిరాతో కొట్టేశారు. వాడు విన్న పాట నేనూ విన్నాను. "దే బీ టాకింగ్..." తర్వాత ఏదో ఉంది, చరణం నాకు పూర్తిగా గుర్తు రావడం లేదు. "ఆర్" ఉండాల్సిన చోట ఉత్త "బీ" ఎందుకొచ్చింది? తప్పా, దానికో అర్థముందా?

రాయగడ నుంచి:
అది "దే'ల్ బీ" అన్నా. పాట వేగంలో "ల్" మింగేస్తారు. భవిష్యత్తు, అంతే.

పర్లాకిమిడి నుంచి:
కాదు తమ్ముడూ. నల్లజాతి అమెరికన్ల ఇంగ్లీషులో ఆ "బీ" అలవాటును చెబుతుంది. "హీ వర్కింగ్" అంటే ఇప్పుడు పనిచేస్తున్నాడు, "హీ బీ వర్కింగ్" అంటే పనిచేస్తూ ఉంటాడు, ఈ నిమిషంలో నిద్రపోతున్నా సరే. జానిస్ జాక్సన్ అనే పరిశోధకురాలు పిల్లలకు బొమ్మలు చూపించి అడిగారు. "సెసమీ స్ట్రీట్" అనే పిల్లల టీవీ కార్యక్రమంలో బిస్కెట్లంటే పడిచచ్చే బొమ్మ కుకీ మాన్‌స్టర్. వాడు ఒంట్లో బాగోక పడుకుని ఉన్నాడు, బిస్కెట్లు తింటున్నది అందులోదే ఇంకో బొమ్మ ఎల్మో. "హూ బీ ఈటింగ్ కుకీస్?" అంటే నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది కుకీ మాన్‌స్టర్‌నే చూపించారు. రోజూ తినేది వాడే కదా!

గుణుపురం నుంచి:
"బీ" కంటే, అసలేమీ లేకపోవడం చూడండి. "హీ మై బ్రదర్" అంటారు. మనం "ఆయన మా అన్న" అనమా? ఒడియాలో "సే మో భాయి" అంటారు, అక్కడా క్రియ లేదు. 1969లో విలియం లబోవ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త దీనికి సూత్రం చెప్పాడు: "హీజ్" అని కుదించగల చోటే "ఈజ్" ఎగిరిపోతుంది. "దట్స్ హూ హీ ఈజ్" చివర కుదించలేం, అక్కడ అది ఎగరదు కూడా. మన పిల్లల చెవికి ఆ పాటలు తొందరగా ఎక్కడానికి ఇదే కారణమని నా గట్టి నమ్మకం.

రాయగడ నుంచి:
మాస్టారూ, "రేపు ఇంట్లో ఉంటాడు", "రోజూ ఇంట్లో ఉంటాడు". మనకి ఒక్క "ఉంటాడు" రెండిటికీ సరిపోతోంది. వాళ్ళ "బీ" మాత్రం భవిష్యత్తుకు ఎందుకు పనికిరాదు? ఆ "ల్" జారిపోవడం కూడా వాళ్ళ ఉచ్చారణలో ఉన్నదే.

పర్లాకిమిడి నుంచి:
నిజమే, ఉంది. అందుకే వాక్యాన్ని "కాదు" అనే అర్థంలోకి తిప్పి చూడాలి. అలవాటైతే "దే డోంట్ బీ టాకింగ్" అవుతుంది, భవిష్యత్తైతే "దే వోంట్ బీ". తెలుగులో ఈ పరీక్ష పనిచేయదు, మనకి రెండూ "ఉండరు". జనం మాటకి వ్యాకరణం ఉంటుందని మా ఊళ్ళో ఉండి వాదించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. లిపి లేని సవర భాష నేర్చుకుని 1931లో దానికి ఇంగ్లీషులో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పాఠం చెప్పిన ఊళ్ళో పుట్టి, పిల్లలు మాట్లాడుకునే భాషని తప్పంటే నాకు బాధగా ఉంటుంది.

ఇచ్ఛాపురం నుంచి:
పంతులుగారికి దండం. కానీ ఈ "బీ"కి మన వ్యాకరణంలో పేరుంది, తద్ధర్మం, అంటే ఎప్పుడూ ఉండే తీరునో అలవాటునో చెప్పే క్రియ. వేమన "తినగ తినగ వేము తియ్యగుండు" అన్నాడు. ఇప్పుడు తియ్యగా ఉందనీ కాదు, రేపు ఉంటుందనీ కాదు, దాని తీరు అంత. "వేము బీ స్వీట్" అని అనువదించుకోవచ్చు!

ఛత్రపురం నుంచి:
"తియ్యనుండు" అండి. "గ" కాదు. మా నాన్నగారు అలాగే చెప్పించారు.

ఇచ్ఛాపురం నుంచి:
అమ్మా, రెండోపాదంలో ఐదు సూర్యగణాలు. తినగ, తినగ, వేము, తియ్య, గుండు. సరిపోయింది కదా.

ఛత్రపురం నుంచి:
నుండు అన్నా అదే గురువు, అదే లఘువు, గణాలతో ఇది తేలదు. యతి కూడా తి-తి, రెంటికీ కుదురుతుంది. మిగిలింది అర్థం. "తియ్యగ" అంటే నాలిక మీద రుచి. "తియ్యన" అంటే ఆ తీపిదనమే, అభ్యాసంతో వేపలోకి వచ్చి చేరిన గుణం. తర్వాతి పాదంలో సాధన గురించి చెప్పబోయేవాడికి "న"యే కావాలి.

గుణుపురం నుంచి:
అంత తేడా చూపిస్తే నేను ఒప్పుకోను. పాడేవాళ్ళ నోట రెండూ ఉన్నాయి. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేసేనాటికే ఎన్నో పాఠాంతరాలు.

ఛత్రపురం నుంచి:
నోట ఉన్నంత మాత్రాన రెండూ వేమనవి అయిపోవు కదా మాస్టారూ. మా ఇంట్లో పాత పుస్తకం అటక మీద ఉంది, ఆదివారం దింపించి చూస్తాను.

బరంపురం నుంచి:
మేనల్లుడి చేత ఆ పాట మూడుసార్లు పెట్టించాను. నాకు "ల్" వినపడినట్టే ఉంది, వాడు లేనే లేదంటున్నాడు. "డోంట్ బీ" ఉన్న చరణమేదైనా అదే గాయకుడి పాటల్లో దొరుకుతుందేమో వెతకమన్నాను. ఈలోగా వాడికి "తియ్యనుండు" నేర్పాలా, "తియ్యగుండు" నేర్పాలా?