చెన్నై కార్పొరేషన్ ఓట్లను పాత వార్డులతో ఎలా పోల్చాలి?

అందరికీ నమస్కారం. చెన్నై కార్పొరేషన్ ఎన్నికల మీద ఒక వ్యాసం రాస్తున్నాను, ఒక చోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు దారి చూపిస్తారని అడుగుతున్నా.

1688లో మొదలైన కార్పొరేషన్ ఇది, మన దేశంలో అన్నిటికన్నా పాతది. 1959లో డీఎంకే ఇక్కడ మేయర్ పదవి దక్కించుకుంది. రాష్ట్రంలో అధికారం రావడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది. అంటే గాలి ముందు నగరంలోనే మారిందని నా అభిప్రాయం. 1973లో కౌన్సిల్‌ను రద్దు చేశారు. మళ్లీ ఎన్నికలు 1996లోనే. ఇరవై మూడేళ్లు! ఒక తరం మొత్తం తమ వీధి దీపం కోసం ఏ కౌన్సిలర్‌నూ అడగలేకపోయింది. అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. 2022 పట్టణ స్థానిక ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద సుమారు 60 శాతం ఓటేస్తే చెన్నైలో 43 శాతం దగ్గరే ఆగింది. ఓటేసే అలవాటు ఆ ఇరవై మూడేళ్లలోనే తప్పిందా?

అసలు చిక్కు మ్యాపు దగ్గర వస్తోంది. 2011లో పాత 155 వార్డులను 107కి కుదించి, శివార్ల నుంచి 93 కలిపి 200 చేశారు. ట్రేసింగ్ పేపర్ మీద పాత గీతలు గీసి కొత్త మ్యాపు మీద పెడితే ఒక్క వీధే మూడు వార్డుల్లోకి పోతోంది.

పోలింగ్ బూత్ స్థాయిలో లెక్కగట్టడం మేలా, జోన్ల వారీగా చూస్తే చాలా? 1973కు ముందటి వార్డు ఫలితాలు ఏ లైబ్రరీలో చూడొచ్చు? తమిళంలో ఉన్నా పర్వాలేదు, చదువుకుంటాను.