సేఫ్‌హోల్డ్ సిరీస్: మొదటి పుస్తకం అయింది, రెండోది మొదలుపెట్టనా? (స్పాయిలర్లు ఉన్నాయి)

నైట్‌డ్యూటీ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇదే మొదటిసారి.

డేవిడ్ వెబర్ రాసిన సేఫ్‌హోల్డ్ సిరీస్‌లో మొదటిది, ‘ఆఫ్ ఆర్మగెడాన్ రీఫ్’ (2007), పోయిన వారం పూర్తిచేశాను. మొత్తం పది పుస్తకాలు. రెండోది ఫోన్‌లోనే ఉంది కానీ తెరవడానికి మనసొప్పడం లేదు. ఎందుకో చెప్తాను, చదివినవాళ్లు సలహా ఇవ్వండి.

చదవనివాళ్ల కోసం కథ కొంచెం. గ్బాబా అనే గ్రహాంతర జాతి భూమిని తుడిచిపెట్టేస్తుంది. మిగిలిన ఎనభై లక్షల మందిని ఓడల్లో నిద్రపుచ్చి రహస్యంగా సేఫ్‌హోల్డ్ అనే గ్రహానికి చేరుస్తారు. శత్రువు కంట పడకుండా కొన్ని వందల ఏళ్లు యంత్రాల్లేకుండా బతికి, ఆ తర్వాత మళ్లీ పైకి రావాలన్నది అసలు ఒప్పందం. నాయకుడు లాంగ్‌హోర్న్ దాన్ని మార్చేస్తాడు. నిద్రలో ఉన్నవాళ్ల జ్ఞాపకాలు చెరిపేసి, తనూ తన సిబ్బందీ దేవదూతలమని నమ్మేట్టు చేస్తాడు. కొత్తది కనిపెట్టడం పాపమని చెప్పే పరిశుద్ధ గ్రంథం ఒకటి, దానికి కాపలాగా ఒక చర్చి. కాదన్న షాన్‌వెయ్ అనే శాస్త్రవేత్తని, ఆమెతో ఉన్నవాళ్లని ఆకాశం నుంచి కొట్టి చంపి, ఆమె పేరునే సైతాను పేరుగా మిగులుస్తారు. ఎనిమిది వందల ఏళ్లు దాటాక ఒక కొండ గుహలో ఒక మరమనిషి కళ్లు తెరుస్తుంది. అందులో ఉన్నవి నిమ్యుయె ఆల్బన్ అనే నేవీ అధికారిణి జ్ఞాపకాలు. ఆమె మెర్లిన్ అనే మగ రూపంలో చారిస్ అనే సముద్ర రాజ్యానికి వెళ్లి రాజుకి సాయపడుతుంది. చర్చిని చేతిలో పెట్టుకున్న నలుగురు వికార్లు, అంటే ఆ చర్చి పెద్దలు, చారిస్ మీదికి ఐదు రాజ్యాల్ని ఎగదోస్తారు.

ఇక నా సంగతి. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. రాత్రి రెండు దాటాక వార్డు సద్దుమణిగితే సెలైన్ బాటిళ్లు ఒకసారి చూసుకుని వచ్చి, ఫోన్ వెలుతురు తగ్గించి చదువుకుంటాను. ఈ పుస్తకంలో నన్ను పట్టుకున్నది యుద్ధాలు కాదు. ఆ పరిశుద్ధ గ్రంథంలో పాస్‌క్వాల్ అనే దేవదూత పేరు మీద ఒక భాగం ఉంటుంది. శుభ్రత, ఆరోగ్యం, వైద్యం గురించి ఆజ్ఞలు. సూక్ష్మజీవుల సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, ఎందుకు చేయాలో తెలియదు, కానీ చేస్తారు. చేస్తే రోగాలు రావు. చేతులు కడుక్కోండి అని మేం గోడ మీద బొమ్మలతో సహా అంటించి, పక్కన నిలబడి చెప్పినా సగం మంది వినరు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ ఇదే మాట చెప్తే తోటి డాక్టర్లే ఒప్పుకోలేదు. సేఫ్‌హోల్డ్‌లో మాత్రం పల్లెటూరి బాలింత కూడా బతుకుతుంది, దేవుడి ఆజ్ఞ కాబట్టి. అబద్ధం చెప్పినవాడే ప్రాణం నిలబెట్టే మాట కూడా చెప్పాడు. పనిచేస్తుంది కాబట్టే జనం మిగతాదంతా నమ్మారు. అది చదివాక చాలాసేపు నాకు వేరే ఆలోచన రాలేదు.

రెండోది మా నాన్న సంగతి. గుంటూరు దగ్గర మా ఊళ్లో లూథరన్ సంఘంలో ఇరవై ఏళ్లకు పైగా సంఘ పెద్దగా చేశారు. కొత్త గుడి కోసం వసూలైన డబ్బు లెక్క ఒకసారి చదివి వినిపించమని కమిటీలో అడిగారు. అంతే. ఆ ఆదివారం ప్రసంగమంతా అభిషేకించినవాళ్లని ముట్టకూడదనే వాక్యం మీదే నడిచింది. తర్వాతి వారం కానుక సంచి పట్టడానికి నాన్న అలవాటుగా లేస్తే, ఒక కుర్రాడు ముందే వెళ్లి తీసుకున్నాడు. నాన్న లేచినవారు లేచినట్టే నిలబడి, మెల్లగా కూర్చున్నారు. పక్కనే ఉన్నాను, చూశాను. ఇప్పటికీ వెళ్తారు. చివరి వరసలో కూర్చుంటారు.

వికార్లు లంచాలు తినడం, విచారణ పేరుతో హింసించడం చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు, కోపం వచ్చింది, అంతే. కానీ మనుషులు చెడ్డవాళ్లు అనడం వేరు, గ్రంథమే కల్పన అనడం వేరు. వెబర్ రెండూ అంటున్నాడు. తర్వాతి పుస్తకాల్లో నమ్మినవాళ్లందరినీ వెర్రివాళ్లని చేస్తాడా? బిషప్ స్టేనెయిర్ నాకు బాగా నచ్చాడు, అతన్ని కూడా పాడుచేస్తాడా? ఇంకోటి, నాన్న రోజూ ఫోన్‌లో "ఏం చదువుతున్నావమ్మా" అని అడుగుతారు. ఈ కథ ఆయనకి చెప్పొచ్చా?

తెరచాప_విశాఖ

అమ్మా, నేను మర్చంట్ నేవీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. మతం సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నేను సముద్రం సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ సిరీస్‌లో మొదటి సగానికి అదే ప్రాణం.

గ్యాలీ అనే పాతకాలపు ఓడకి రెండు పక్కలా తెడ్లు ఉంటాయి, తెడ్లు వేసే మనుషులు ఉంటారు. ఇక ఫిరంగులు పెట్టడానికి చోటెక్కడ? ముందు కొన్ని, వెనక కొన్ని. గ్యాలియన్‌కి తెరచాపలే కాళ్లు, కాబట్టి పక్కలు రెండూ ఖాళీ. వరసగా ఫిరంగులు పెట్టి ఒకేసారి పేల్చొచ్చు. మెర్లిన్ వచ్చి చేసింది ఇంతే: ఉన్న ఇనుము, ఉన్న చెక్క, ఉన్న మందు, వాడే పద్ధతి వేరు. గుండగా ఉండే తుపాకిమందుని గింజ కట్టించడం. ఫిరంగికి రెండు పక్కలా చెవుల్లాంటి ఇరుసులు పోతపోసి, చక్రాల బండి మీద కూర్చోబెట్టడం. ఆ చెవులుంటే మూతి పైకీ కిందకీ తిప్పొచ్చు, పేలాక బండి వెనక్కి జరిగితే మళ్లీ కూరి ముందుకు లాగొచ్చు. చెవుల్లేని ఫిరంగిని దుంగకి కట్టి పేలిస్తే రెండో దెబ్బ కొట్టేసరికి అవతలివాడు మీదికొచ్చేస్తాడు. వీటికి ముందు అంకెలు నేర్పిస్తుంది చూశారా, మనం వాడే 1, 2, 3, సున్నాతో సహా? అవి లేనిదే ఓడల కొట్టుకి లెక్కలు రాయడమే నరకం. సున్నా పుట్టిన దేశంలో పుట్టి ఆ పేజీ చదువుతుంటే ఒళ్లు పులకరించింది నాకు.

కరెంటు ఎందుకు తేలేదు అని చాలామంది అడుగుతారు. లాంగ్‌హోర్న్ కాలం నాటి ఆయుధం ఇంకా ఆకాశంలో తిరుగుతూనే ఉంది. కింద పెద్ద యంత్రం ఏదైనా నడిస్తే అది కొడుతుందేమోనని భయం. అందుకే అడుగడుగునా ఆచితూచి వెళ్తారు.

డోలార్ నౌకాదళంలో థర్స్క్ అనే ముసలి నావికుడు మీకు గుర్తుండే ఉంటాడు. సముద్రం తెలిసిన మనిషి. పైన కూర్చున్న డ్యూక్‌కి ఏమీ తెలియదు, చెప్తే వినడు. అలాంటి పైవాళ్ల కింద పనిచేశాను కాబట్టి చెప్తున్నాను, ఆ బాధ రాసిన తీరు నిజం. థర్స్క్ కోసమైనా ముందుకి వెళ్లండి. శత్రువు పక్షంలో ఇంత మంచివాణ్ణి పెట్టడం ఈ రచయితలో నాకు నచ్చే గుణం.

ఆరోదగ్గర_ఆపేశాను

నా అనుభవం వేరు, అదీ తెలిసి ఉంటే మంచిదని రాస్తున్నాను. ఆరో పుస్తకం మధ్యలో వదిలేశాను. సమావేశాలు ఎక్కువైపోయాయి. ఒక గదిలో పదిమంది కూర్చుని పాత యుద్ధం గురించి ముప్పై పేజీలు మాట్లాడతారు. పైగా మెర్లిన్ పంపిన కంటికి కనపడని గూఢచారి యంత్రాలు అన్నిచోట్లా ఉంటాయి, శత్రువు ఏం చేస్తాడో ముందే తెలిసిపోతుంది, ఇక టెన్షన్ ఏముంటుంది? క్లింటన్ అనే ఆ మహా విచారణాధికారి మరీ నూటికి నూరుపాళ్లు దుర్మార్గుడు. అంత చెడ్డవాడు ఉంటే పని సులువైపోతుంది రచయితకి.

పేర్ల గురించి మాత్రం ఒక మాట. జాన్‌ని, మైకేల్‌ని స్పెల్లింగ్ మార్చి గుర్తుపట్టలేకుండా చేశాడని ఇంగ్లిష్ పాఠకులు తెగ విసుక్కుంటారు. మనకి అది అసలు ఇబ్బందే కాదు. జాన్ మన ఊళ్లో యోహాను, జేకబ్ యాకోబు, పీటర్ పేతురు. చారిస్ యువరాజు కేలెబ్ అంటే కాలేబే కదా. నేను పైకి చదువుకుంటూ వెళ్లాను, ఒక్క పేరూ తడబడలేదు.

చరిత్ర_మాస్టారు

అమ్మా నైట్‌డ్యూటీ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేనూ గుంటూరు వాణ్ణే, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను.

ముందు పుస్తకాల పేర్లు చూడండి. నాలుగోది ‘ఎ మైటీ ఫోర్ట్రెస్’. అది లూథర్ రాసిన కీర్తన. మీ నాన్నగారు చిన్నప్పటి నుంచి పాడి ఉంటారు, మన పుస్తకంలో ‘మా కర్త గట్టి దుర్గము’. రెండు, మూడు, ఆరు పుస్తకాల పేర్లు శామ్యూల్ స్టోన్ 1866లో రాసిన కీర్తనలోవి. దక్షిణాఫ్రికాలో బిషప్ కొలెన్సో బైబిల్ గురించి లేవదీసిన ప్రశ్నలతో సంఘం రెండుగా చీలుతున్నప్పుడు రాసిన పాట అది. గ్రంథం నిజమా కాదా అన్న తగువులోంచి పుట్టిన పాటని, గ్రంథం గురించిన కథకి పేరుగా పెట్టాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది ‘ఆన్‌వర్డ్ క్రిస్టియన్ సోల్జర్స్’ లోంచి. ఆ యుద్ధ పాట నిజానికి ఇంగ్లండ్‌లో ఒక ఊరి పిల్లలు పండగ రోజు ఊరేగింపుగా నడుస్తూ పాడుకోవడానికి రాసింది. అయిదోది, పదోది ‘హౌ ఫర్మ్ ఎ ఫౌండేషన్’ అనే ఇంకో పాటవి. ఒక్క మొదటి పుస్తకానికి తప్ప మిగతా తొమ్మిదింటికీ పేర్లు కీర్తనల్లోంచే వచ్చాయి. వెబర్ మెథడిస్ట్ సంఘంలో పాస్టర్ కాకపోయినా వాక్యం చెప్పే మనిషి. దేవుణ్ణి నమ్మేవాళ్లని ఎగతాళి చేయడానికి కూర్చున్నవాడు ఇన్ని కీర్తనలు వెతుక్కోడు.

ఇక మీ నాన్నగారి సంగతి. 1517లో లూథర్ విటెన్‌బర్గ్‌లో 95 అంశాలు రాసిన గొడవ మొదలైంది దేని దగ్గర? రోములో సెయింట్ పీటర్ గుడి కట్టడానికని పాపక్షమాపణ పత్రాలు అమ్మి డబ్బు వసూలుచేస్తున్నారు. అందులో సగం ఆర్చ్‌బిషప్ ఆల్బ్రెక్ట్ తన పదవి కోసం ఫుగ్గర్లనే వడ్డీ వ్యాపారుల దగ్గర తెచ్చిన అప్పు తీర్చడానికి పోయింది. గుడి డబ్బు లెక్కే. లూథరన్ సంఘంలో నిలబడి గుడి లెక్క అడిగిన మనిషిని కూర్చోబెట్టారంటే, సంఘానికి తన పేరు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తులేదన్నమాట. నాకు చాలా బాధ కలిగింది. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

స్టేనెయిర్‌ని పాడుచేయడు. రెండో పుస్తకంలో అతని గురించి ఒక సంగతి బయటపడుతుంది, అది మీరే చదవాలి. ఇంకో ఇద్దరి మీద కన్నేసి ఉంచండి. ఒకరు డుషెయిర్న్, ఆ నలుగురిలో ఖజానా చూసేవాడు. రెండోవాడు ఎరేక్ డిన్నిస్, చారిస్‌కి ఆర్చ్‌బిషప్ అయ్యుండీ ఆ ఊరి మొహం అరుదుగా చూసినవాడు, సుఖజీవి. అతన్ని బలిపశువుని చేసి ఆలయం ముందు చంపబోతూ తప్పు ఒప్పుకోమంటారు. ఒప్పుకుంటే సులువైన చావు. అతను జనం వైపు తిరిగి చారిస్ తప్పేమీ లేదని చెప్తాడు. అంతకాలం ఒక్క మంచి పనీ చేయని మనిషి. నేను ఆ అధ్యాయం దగ్గర పుస్తకం మూసి పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఆరోదగ్గర_ఆపేశాను

మాస్టారూ, డిన్నిస్ సంగతి ఒప్పుకుంటాను. డుషెయిర్న్ కూడా. క్లింటన్ పక్కన కూర్చుని, భయపడుతూనే, పేదల కోసం చలికాలంలో చేయగలిగింది చేసే మనిషి. అతని కోసం ఆరోది తిరిగి మొదలుపెట్టాలేమో.

నైట్‌డ్యూటీ

అందరికీ థాంక్స్. తెరచాప గారూ, మీరు చెప్పాక ఆర్మగెడాన్ రీఫ్ యుద్ధం మళ్లీ చదివాను. మొదటిసారి దాటేసిన పేజీలు ఈసారి కళ్లకి కట్టాయి. ఇంకోటి కూడా అర్థమైంది. చారిస్ గెలిచిన ఆ నీళ్లే షాన్‌వెయ్‌ని చంపిన చోటు కదా. పేరు చూస్తూ కూడా మొదటిసారి పట్టించుకోలేదు.

మాస్టారూ, ఆదివారం ఊరెళ్లాను. మీ నమస్కారాలు చెప్పాను. 1517 సంగతి చెప్తే నాన్న ఏమీ అనలేదు, అమ్మ మాత్రం వంటింట్లోంచి "అదే నేనూ అన్నాను" అంది. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని కథ మొత్తం చెప్పాను. గ్రంథం కల్పన అన్న దగ్గర కాస్త తడబడ్డాను. నాన్న చెయ్యి ఊపి కానివ్వమన్నారు. దేవదూతలమని చెప్పుకున్నవాళ్ల గురించి విని, "దేవదూత అయితే ముందు భయపడకుమని చెప్తాడమ్మా, వీళ్లు భయపెట్టారుగా" అన్నారు. పాస్‌క్వాల్ సంగతి బాగా నచ్చింది. మా ఆసుపత్రిలో చేతులు కడుక్కునే ఏడు పద్ధతులూ చేసి చూపించమన్నారు, చూపించాను. వేళ్ల సందుల్లో రుద్దడం దగ్గర తనూ చేశారు.

స్టేనెయిర్ గురించి ఒక ప్రశ్న అడిగారు. గ్రంథం రాసినవాళ్లు అబద్ధాలకోరులని రేపు ఆ బిషప్‌కి తెలిస్తే, మర్నాడు పొద్దున మోకాళ్ల మీద కూర్చుని ఎవరికి ప్రార్థన చేస్తాడు? అని. నాకు తెలియలేదు. రెండో పుస్తకం నిన్న డ్యూటీలో మొదలుపెట్టాను. నాన్న రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తున్నారు, నేను డ్యూటీ దిగి బస్సు ఎక్కే టైముకి, ఎంతవరకు వచ్చావని.