అక్కా బావా అమెరికాలో నల్లజాతి బాబుని దత్తత తీసుకుంటున్నారు, ఇంట్లో పెద్ద గొడవ. అసలు దత్తతలో రేస్ చూడాలా వద్దా?

సీతమ్మధార_చిన్నోడు

అందరికీ నమస్తే, పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా అక్కా బావా అట్లాంటా దగ్గర ఉంటారు, వెళ్ళి చాలా ఏళ్ళయింది, ఇద్దరికీ సిటిజన్‌షిప్ కూడా వచ్చేసింది. పిల్లల కోసం మూడుసార్లు ఐవీఎఫ్ చేయించుకుని ఇక చాల్లే అనుకుని అక్కడి ఫాస్టర్ కేర్‌లో (సొంతింట్లో ఉండలేని పిల్లల్ని ప్రభుత్వం తాత్కాలికంగా వేరే ఇంట్లో పెంచే ఏర్పాటు) పేరిచ్చారు. రెండేళ్ళ బాబుని పంపారు, ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. నల్లజాతి బాబు. కన్నతల్లి హక్కులు కోర్టు రద్దు చేసిందట, చూసుకోడానికి చుట్టాలెవరూ ముందుకు రాలేదట, అందుకని వీళ్ళనే అడిగారు దత్తత తీసుకుంటారా అని. వీళ్ళు సరే అన్నారు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఈ మాట చెప్పగానే అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా వాణ్ణి కాల్స్‌లో చూస్తూనే ఉంది, కాకపోతే ఫాస్టర్ అంటే పక్కింటోళ్ళ బాబుని చూసుకుంటున్నట్టు ఏదో అనుకుంది పాపం. నాన్న వైజాగ్ స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, ఆయన పాట ఒక్కటే, "దత్తతకి నేనేం అడ్డం కాదు, ఇక్కడికొచ్చి మన పిల్లని తీసుకోమను." మన పిల్ల అంటే ఎవరు నాన్నా, మన కులమా మన రంగా మన దేశమా అని అడిగితే పేపర్ తీసుకుని బాల్కనీలోకి పోయారు. మా అమ్మమ్మ మాత్రం "గుంటడు నవ్వితే బాగున్నాడు" అనేసి సీరియల్ పెట్టుకుంది.

అమ్మానాన్నల సంగతి సరే, అది నెమ్మదిగా సర్దుకుంటుందేమో. నాకున్న డౌట్ వేరే. ఆ బాబు వైపు నుంచి ఆలోచిస్తే ఇది కరెక్టేనా? రేపు వాడికి పదిహేనేళ్ళొచ్చాక ఇంట్లో అందరూ తెలుగోళ్ళు, అద్దంలో తను ఒక్కడే వేరేగా ఉంటే? వాడి జాతివాళ్ళింటికే ఇవ్వాలి అనే రూల్ ఏమీ ఉండదా అక్కడ? తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టాలనుకునేవాళ్ళు కూడా తిట్టండి కానీ మ్యాటర్ ఉండేలా తిట్టండి.

ఉక్కునగరం_టు_డల్లాస్

బ్రో నేనూ మీ నాన్నగారి ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణే, ఇక్కడ మా చర్చిలో ఇద్దరు ముగ్గురు ఫాస్టర్ పేరెంట్స్ ఉన్నారు కాబట్టి కొంత తెలుసు.

రూల్ ఉంది, కానీ నువ్వనుకున్నదానికి రివర్స్‌లో ఉంది. 1972లో ఇక్కడి నల్లజాతి సోషల్ వర్కర్ల సంఘం గట్టిగా ఒక ప్రకటన ఇచ్చింది, నల్లపిల్లల్ని నల్లవాళ్ళ ఇళ్ళకే ఇవ్వాలి, తెల్లవాళ్ళ ఇళ్ళలో పెరిగితే తామెవరో మర్చిపోతారు, బయట ఎదురయ్యే వివక్షని తట్టుకోడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేరు అని. దాని ఎఫెక్ట్‌తో చాలా ఏజెన్సీలు రంగు కలిస్తేనే ఇచ్చేవి. కానీ ఫాస్టర్ కేర్‌లో నల్లపిల్లలు ఎక్కువ, సరిపడా ఇళ్ళు దొరక్క పిల్లలు ఏళ్ళ తరబడి అలా ఉండిపోతున్నారని గొడవై 1994లో అమెరికా కాంగ్రెస్, అదే వీళ్ళ పార్లమెంటు, చట్టం చేసింది. అందులో కూడా రేస్‌ని ఒక పాయింట్‌గా చూడొచ్చు అని చిన్న సందు ఉండేది, 1996లో అది కూడా మూసేశారు. ఇప్పుడు ఫెడరల్ డబ్బు, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బు, తీసుకునే ఏ ఏజెన్సీ అయినా రేస్ కారణం చూపించి దత్తత ఆపకూడదు, లేట్ చెయ్యకూడదు. అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది, పిల్లలు ఏ జాతులవాళ్ళో ఆ జాతుల్లోంచి కూడా పెంచే ఇళ్ళని గట్టిగా వెతకాలి అని. ఆ రెండోదాని మీద అంత శ్రద్ధ పెట్టరని ఇక్కడ చాలామంది కంప్లైంట్, నాదీ అదే అభిప్రాయం.

ఇంగ్లండ్‌లో కూడా ఇదే కథ తెలుసా, 2002 చట్టంలో పిల్లల జాతి, మతం, భాష లెక్కలోకి తీసుకోవాలని రాసుకున్నారు, 2014లో ఇంగ్లండ్ వరకు ఆ లైన్ తీసేశారు, అక్కడా ఇదే కారణం, పిల్లలు వెయిటింగ్‌లో పెరిగి పెద్దైపోతున్నారని.

కాబట్టి లీగల్‌గా మీ అక్కకి ఏం ప్రాబ్లమ్ లేదు. మరి రేస్ చూడక్కర్లేదా అంటే, బాబుని ఇచ్చేటప్పుడు చూడక్కర్లేదు, పెంచేటప్పుడు మాత్రం రోజూ చూడాలి అంటాను నేను. ఒక్క జుట్టు విషయమే తీసుకో. మనలాగా పొద్దున్నే పొడిజుట్టు మీద దువ్వెనేసి లాగితే ఆ రింగులు తెగిపోతాయి, తడిపి, క్రీమ్ రాసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి చిక్కు తియ్యాలి. మా చర్చిలో ఒక తెల్లావిడ మొదట్లో రోజూ షాంపూ పెట్టేసి పిల్ల తలంతా గడ్డిలా చేసింది, పక్క వరసలో కూర్చునే నల్లావిడ చూడలేక ఇంటికెళ్ళి నేర్పించింది. ఇప్పుడు ఆవిడే ఆ పిల్లకి పెద్దమ్మ అనుకో. మీ అక్కకి అలాంటి మనిషి ఉందా అని అడుగు ముందు. అట్లాంటా కాబట్టి అదృష్టం, నల్లజాతివాళ్ళు బాగా ఉన్న ఊరు, స్కూలు, డాక్టరు, బార్బర్ అన్నీ దొరుకుతాయి. తెలుగు అసోసియేషన్ పిక్నిక్కులకే తిప్పుతూ ఉంటే మాత్రం కష్టం.

ఇంకోటి, పదమూడు పద్నాలుగేళ్ళకి ఆ బాబుకి పోలీసులు కారాపితే చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పాల్సి వస్తుంది. మీ బావకి అది ఎవరూ చెప్పి ఉండరు, నేర్చుకోవాలి.

నిజం_నిష్టూరం

ఇక్కడ మన దేశంలో ఇంతమంది అనాథలుండగా అక్కడ వేరే జాతి పిల్లోణ్ణి తెచ్చుకోడం ఏంటండీ. వాళ్ళ నాన్నగారు చెప్పింది నూటికి నూరు కరెక్టు. ఫ్యాషనైపోయింది.

ఎంవీపీ_అమ్మడు

నిష్టూరం గారూ, మీరు ఎప్పుడైనా కారా, అదే మన దేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ, దాని పోర్టల్ తెరిచారా? ఇక్కడ దత్తతకి చట్టప్రకారం ఫ్రీ అయిన పిల్లలు తక్కువ, లైన్లో ఉన్న తల్లిదండ్రులు వేలల్లో. మాకు పాప రావడానికి మూడున్నరేళ్ళు పట్టింది. పైగా వాళ్ళు అమెరికా సిటిజన్లు, ఎన్నారై అయితే ఇక్కడివాళ్ళతో సమానంగా చూస్తారు, సిటిజన్‌షిప్ మారిపోయినవాళ్ళ వంతు ఆ తర్వాతే. ఇంట్లో రెండేళ్ళుగా "మమ్మీ" అంటున్న పిల్లాణ్ణి వదిలేసి ఆ లైన్లో నిలబడాలా?

తమ్ముడూ, రేస్ మాట అమెరికాదే అనుకుంటున్నావు గానీ మన దగ్గర కూడా ఉంది, పేరే వేరు. నా సంగతి చెప్తాను, సిగ్గుగా ఉన్నా చెప్తాను. కారా ఫారంలో కులం కాలమ్ లేదు, రంగు కాలమ్ లేదు. వయసు, ఆడా మగా, ఏ రాష్ట్రం లాంటివే. 2015లో అయితే ఆరుగురి దాకా పిల్లల ఫొటోలు ఒకేసారి చూపించి ఒకరిని ఎంచుకోమనేవారట, చీరల షాపులో లాగ. 2017 నుంచి ఒక్కో పాపనే చూపిస్తారు. ఫొటో, మెడికల్ రిపోర్టు, స్టడీ రిపోర్టు వస్తాయి, 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి, లేదంటే పోతుంది. మాకు ఒడిశా శిశుగృహ నుంచి ఎనిమిది నెలల పాప ఫొటో వచ్చింది. నేను మొదట చేసిన పని ఏంటో తెలుసా, ఫొటో జూమ్ చేసి లైటింగ్ వల్ల అలా కనిపిస్తోందా నిజంగానే నలుపా అని చూశాను. మెడికల్ రిపోర్టు తర్వాత తెరిచాను. మా ఆయన పక్కనే ఉండి "ఏం వెతుకుతున్నావు" అంటే సమాధానం చెప్పలేకపోయాను.

ఇప్పుడు దానికి ఆరేళ్ళు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కితే చాలు "ఎవరి పోలికమ్మా" అంటారు, తెలిసి అడుగుతారు. మా అత్తగారు సెనగపిండి, మీగడ, కుంకుమపువ్వు ఏదీ వదల్లేదు, నలుపు నారాయణుడు మెచ్చు అని పైకి అంటూనే వారానికోసారి నలుగు పెట్టేవారు. ఒకరోజు పాప బాత్రూమ్‌లో కూర్చుని తనే సబ్బుతో చెయ్యి రుద్దుకుంటూ కనబడింది. ఆ రోజే సెనగపిండి డబ్బా పకోడీలకి తప్ప ఎత్తకూడదని చెప్పేశాను, అత్తగారు నెల్రోజులు మాట్లాడలేదు.

మీ అమ్మగారి మీద కోపం పెట్టుకోకు. మీ నాన్నగారిని మాత్రం వదలొద్దు, "మన పిల్ల" అంటే ఎవరో చెప్పించు.

నిజం_నిష్టూరం

అమ్మా, లైన్ అంత ఉందని నాకు తెలీదు, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది నా అభిప్రాయం, ఉంటుంది.

కొండకాఫీ

నేను పాడేరు వైపు మనిషిని, వైజాగ్‌లో జాబ్. అందరూ "రేస్ చూడకూడదు" వైపు వెళ్ళిపోతున్నారు కాబట్టి రెండో వైపు నేను పట్టుకుంటా.

డల్లాస్ అన్న చెప్పిన చట్టానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, అక్కడి ఆదివాసీల పిల్లలు. 1978లో వాళ్ళకోసం వేరే చట్టం చేశారు. ఎందుకంటే అప్పటి సర్వేల ప్రకారం నూటికి 25 నుంచి 35 మంది ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళలోంచి తీసేసి ఫాస్టర్ ఇళ్ళకో దత్తతకో హాస్టళ్ళకో పంపేశారు, ఎక్కువమంది వేరేవాళ్ళ దగ్గరికే. పేదరికాన్ని చూసి పెంపకం బాలేదు అని రాసేసేవాళ్ళు. కొత్త చట్టంలో వరస పెట్టారు, ముందు చుట్టాలు, తర్వాత అదే తెగవాళ్ళు, తర్వాత వేరే తెగ ఆదివాసీలు, అప్పుడు మిగతావాళ్ళు. ఇది రేస్ వివక్ష అని కూడా కేసేస్తే 2023లో వాళ్ళ సుప్రీంకోర్టు చట్టం నిలబెట్టింది, రేస్ వాదన మీద మాత్రం కేసేసినవాళ్ళకి అది అడిగే అర్హత లేదని ఏమీ తేల్చలేదు.

మన దగ్గర అలాంటి వరస లేదు. హిందూ దత్తత చట్టం, అదే 1956ది, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. ఇక జువెనైల్ జస్టిస్ చట్టం కింద శిశుగృహ నుంచి పిల్ల ఏ రాష్ట్రానికైనా వెళ్ళిపోవచ్చు. కువి అనే ఆదివాసీ భాష మాట్లాడే ఇంట్లో పుట్టిన పాప ఏ బెంగళూరులోనో పెరిగితే ఇల్లు దొరికింది, సంతోషమే, నేను కాదనను. కానీ ఇక్కడ ఏదో పోయింది అని కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా? ఎంవీపీ అక్కా, మీ పాపది ఒడిశా అన్నారు, ఏ జిల్లానో ఏ ఊరి దగ్గర దొరికిందో స్టడీ రిపోర్టులో ఉన్నంతవరకు జాగ్రత్తగా దాచండి. మిమ్మల్ని తప్పుపట్టి కాదు, రేపు తనే అడుగుతుంది.

ఇంకోటి, బాబుకి సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) టెస్టు రిజల్ట్ ఉందేమో మీ అక్కని చూడమనండి, అక్కడ పుట్టగానే చేస్తారు. మా పాడేరు ఏజెన్సీ ఏరియా ఆదివాసీల్లో కూడా ఉంది ఆ జబ్బు, అందుకే గుర్తొచ్చింది. రక్తం సంగతి తెలుసుకోడం కూడా రేస్ చూడ్డమే, మంచి రకం చూడ్డం.

ఎంవీపీ_అమ్మడు

దాచాను తమ్ముడూ, బీరువాలో నగల కింద ఉంది ఆ ఫైలు. జిల్లా పేరు ఉంది. మీరన్నాక రాత్రి మళ్ళీ తీసి చదివాను.

పెంపుడు_కాదు_కొడుకునే

ఈ త్రెడ్‌లో నేనొక్కణ్ణే ఆ సైడ్ నుంచి వచ్చినవాణ్ణి అనుకుంటా. నాకు 29, పుట్టింది ఎక్కడో తెలీదు, పెరిగింది గోపాలపట్నం. ఇంట్లో అందరూ పచ్చగా ఉంటారు, నేను చామనఛాయ కంటే రెండు మెట్లు కింద. నాకు పదకొండేళ్ళప్పుడు సింహాచలంలో ఒక పెళ్ళిలో ఒక దూరపు బంధువు నా ఎదురుగానే అమ్మని అడిగింది, "వీడికి చెప్పారా లేదా ఇంకా" అని. అలా తెలిసింది నాకు.

రంగు వేరని నాకు అంతకుముందే తెలుసు, కళ్ళున్నాయి కదా. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడమే నన్ను తినేసింది. ఎవరైనా నలుపు అంటే అమ్మ టాపిక్ మార్చేసేది, నన్ను కాపాడుతున్నా అనుకుని. నాకేమో అది అంత చెడ్డ విషయమా, నోటితో అనకూడనంతా అనిపించేది. మా అమ్మంటే ప్రాణం నాకు, ఇది వేరే సంగతి.

అందుకని నీ ప్రశ్నకి నా ఆన్సర్, ఇవ్వడం తప్పు కాదు, కానీ "మాకు రంగు కనబడదు" అనే ఇంటికి ఇవ్వడం డేంజర్. మీ అక్కని అడుగు, ఆ బాబుతో వాడి రంగు గురించి ఎప్పుడైనా మామూలుగా, అన్నం పెడుతూ మాట్లాడినట్టు మాట్లాడిందా అని. నాలుగేళ్ళంటే వాడు ఈపాటికే అడిగి ఉంటాడు. ఇంకోటి, పేరు మార్చొద్దు. నాలుగేళ్ళు మోసిన పేరు అది, కన్నవాళ్ళ నుంచి వాడి దగ్గర మిగిలింది అదొక్కటే అయ్యుండొచ్చు.

సీతమ్మధార_చిన్నోడు

అందరికీ థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. అప్‌డేట్ ఇస్తున్నా.

అక్కకి లింక్ పంపా, రాత్రి రెండు గంటలు మాట్లాడింది. జుట్టు సంగతి వాళ్ళకి ఎప్పుడో తెలిసిందట, వాడి ప్రీస్కూల్ టీచరే ఒక బార్బర్‌ని చూపించింది, బావ పదిహేను రోజులకోసారి తీసుకెళ్ళి అక్కడే కూర్చుని వాళ్ళతో ఫుట్‌బాల్ సోది కొడుతున్నాడట, అర్థం కాకపోయినా. సికిల్ సెల్ రిపోర్టు ఫైల్లో ఉంది, నార్మల్. రంగు గురించి వాడు మూడేళ్ళప్పుడే అడిగాడట, "నేను పెద్దయ్యాక బ్రౌన్ అవుతానా" అని. అక్క ఏం చెప్పిందని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తప్పించుకుందట, ఐస్‌క్రీమ్ కొనిచ్చి. గోపాలపట్నం అన్న రాసింది చదివి ఏడ్చింది.

పేరు దగ్గర మాత్రం అమ్మ పట్టుబట్టింది. ఒప్పుకున్నట్టేనా అంటే కాదు, కానీ బారసాల చేసి అప్పన్న పేరు పెడతానంటోంది, ఒప్పుకోకుండా బారసాల ఎలాగో నాకర్థం కాలేదు. ఉన్న పేరు ఉంచాల్సిందే అంది అక్క. అయితే నాకు నోరు తిరిగేలా పలకడం నేర్పించు అంది అమ్మ. నిన్న పొద్దున్నుంచి పోపు వేస్తూ ఆ పేరు ప్రాక్టీస్ చేస్తోంది, సగం తప్పే. నాన్న ఇంకా బాల్కనీలోనే.

సంక్రాంతికి వస్తామంటున్నారు. బీచ్ రోడ్‌లో వాణ్ణి చూసి జనం సెల్ఫీలకి ఎగబడితే ఎలా అని ఇప్పుడు నా టెన్షన్. ఇంకా, మూడు వారాలుంటారు, ఆ జుట్టు కట్ చేయగలిగేవాడు వైజాగ్‌లో ఉన్నాడా?

ఉప్పుగాలి

ఇన్నాళ్ళూ చదువుతున్నా, ఇప్పుడు పనికొచ్చే ప్రశ్న వచ్చింది. ఉన్నాడు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివే ఆఫ్రికన్ స్టూడెంట్స్ మా పెదవాల్తేరు సైడ్ చాలామంది ఉంటారు. మన సెలూన్లలో సరిగ్గా చెయ్యడం రాక వాళ్ళలో ఒకబ్బాయే రూములో ట్రిమ్మర్ పెట్టుకుని ఆదివారాలు అందరికీ కట్ చేస్తాడు. మా మేడ మీద పోర్షన్‌లోనే ఉంటాడు. అతనికి ఇల్లివ్వడానికి మా వీధిలో నలుగురు కాదన్నాక మా నాన్న ఇచ్చారు, అదీ రెండు నెలల అడ్వాన్స్ ఎక్కువ తీసుకుని, మేమూ ఏం శుద్ధపూసలం కాదు. సంక్రాంతికి అతను ఊళ్ళో ఉంటాడో లేదో కనుక్కుని నీకు మెసేజ్ పెడతా. మీ నాన్నగారిని కూడా తీసుకురా బాబుతో, కటింగ్ అయ్యేదాకా మా నాన్నతో కూర్చుంటారు, ఈయన కూడా స్టీల్‌ప్లాంటే.