అండర్న్ అంటే పొద్దున్నా, మధ్యాహ్నమా?

ప్రశ్న: పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కోడిపుంజు కథ చదువుతున్నాను. నక్క ఆకుకూరల మడిలో నక్కి, 'అండర్న్' దాటేదాకా కదలకుండా పడుకుంటుంది. ఒక నిఘంటువు ఉదయం తొమ్మిది అంటుంది, ఇంకోటి మధ్యాహ్నం అంటుంది. రెండు రోజులుగా ఆ లైను దగ్గరే ఆగిపోయాను. నక్క ఎంతసేపు కాచుకుందో తెలియకపోతే ఆ ఓపిక ఎలా అర్థమవుతుంది?

జవాబు 1: రెండూ సరైనవే. పాత ఇంగ్లీషులో అండర్న్ అంటే పగటి మూడో గంట, మఠాల్లో ప్రార్థన వేళ. అయితే అది మన గడియారపు గంట కాదండీ. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పన్నెండు భాగాలు చేసేవారు. ఇంగ్లండ్‌లో నడి చలికాలంలో ఒక్కో భాగం సుమారు 40 నిమిషాలు, నడి వేసవిలో 80 పైనే. అందుకే 'తొమ్మిది' అన్నది ఉజ్జాయింపే. తర్వాత మాట మధ్యాహ్నానికి జారింది, మాండలికాల్లో సాయంత్రం వైపుకీ, ఆ వేళ తినే చిరుతిండికీ పాకింది. ఇంగ్లీషుకి చుట్టమైన గోథిక్ అనే పాత భాషలో దీని బంధుపదానికి 'భోజనం' అనే మాట చేర్చి పగటి భోజనాన్ని పిలిచారు. నాకైతే ఆకలే ఈ మాటను మోసుకెళ్ళిందనిపిస్తుంది.

జవాబు 2: ఇంగ్లీషులో మిట్టమధ్యాహ్నాన్ని చెప్పే 'నూన్' అనే మాట దీనికి ఎదురు నడిచింది. లాటిన్‌లో దాని మూలానికి అర్థం పగటి తొమ్మిదో గంట, అంటే మధ్యాహ్నం సుమారు మూడు. అదే పన్నెండుకి వెనక్కి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. 'పొద్దెక్కేదాకా' అని రాసుకున్నాను.