డ్రైవ్ బెల్టులను బిగించేంత వరకూ ఎలా భద్రపరచాలి?

ప్రశ్న (కావలి, విడిభాగాల దుకాణం)

కావలిలో మాకు ద్విచక్ర వాహనాల విడిభాగాల దుకాణం ఉంది. గేర్లు లేని స్కూటర్లు ఊళ్ళోనే కాక చుట్టుపక్కల పల్లెల్లో కూడా పెరగడంతో ఇంజను తిప్పుడును వెనక చక్రం వైపుకు అందించే డ్రైవ్ బెల్టులను అన్ని రకాలూ అందుబాటులో ఉంచుకోవలసి వస్తోంది. అయితే బెల్టు ఇంజను ఆయిల్ లాగా రోజూ కదిలే సరుకు కాదు. పాత మోడళ్ళకు సరిపోయే కొన్ని రకాలు రెండు మూడేళ్ళు కూడా అమ్ముడుపోకుండా ఉండిపోతాయి. మా సామాను గది రేకుల కప్పుది. అటక మీద అట్టపెట్టెల్లో కొన్ని, గోడకు మేకులు కొట్టి వేలాడదీసినవి కొన్ని ఉన్నాయి. గదికి ఆనుకొని వెల్డింగ్ షాపు నడుస్తోంది. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ కూడా ఎక్కువే.

బిగించిన కొద్దికాలానికే బెల్టు పళ్ళ మధ్య పగుళ్ళు వచ్చాయని చెప్పి ఈమధ్య ఒకరిద్దరు మెకానిక్కులు బెల్టులు తిరిగి తెచ్చారు. అది తయారీ లోపమా, బిగించడంలో జరిగిన పొరపాటా, లేక మేము ఉంచిన తీరు వల్లనే అలా అయిందా అనేది తేల్చుకోవాలని ఉంది. కొత్త బెల్టు వాడకుండానే చెడిపోతుందా? చెడిపోతే, ఆ గదిలో నేను ముందుగా ఏది మార్చాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (నెల్లూరు, విడిభాగాల టోకు వ్యాపారి)

అయ్యా, బెల్టు వాడకుండానే తప్పకుండా చెడిపోతుంది, మీ గదిలో దానికి ప్రధాన శత్రువు వేడి అని నా అభిప్రాయం. స్కూటర్ బెల్టు వట్టి రబ్బరు ముక్క కాదు. లోపల లాగుడును మోసే పాలియెస్టర్ లేదా అరామిడ్ పోగులు ఉంటాయి, వాటి చుట్టూ క్లోరోప్రీన్, ఈపీడీఎం వంటి కృత్రిమ రబ్బరు ఉంటుంది. ఈ రబ్బరును ఫ్యాక్టరీలో ఉడికించి గట్టిపరుస్తారు. ఆ మార్పు అక్కడితో పూర్తిగా ఆగిపోదు. వేడి తగిలే కొద్దీ అణువుల మధ్య కొత్త ముడులు పడుతూనే ఉంటాయి, గాలిలోని ఆక్సిజన్ కూడా తన పని తాను చేస్తుంది, ఫలితంగా రబ్బరు మెల్లగా బిరుసెక్కుతుంది. చూపుకు బెల్టు కొత్తదిగానే ఉంటుంది. కానీ వేరియేటర్ (ఇంజను వైపు ఉండే ముందు పుల్లీ) మీద చిన్న వలయంలో నిమిషానికి వేల సార్లు వంగి లేవవలసిన వస్తువు బిరుసెక్కితే, పళ్ళ మధ్య సన్నగా ఉన్న చోట పగలక తప్పదు.

రబ్బరు వస్తువుల నిల్వ గురించి ఐఎస్‌ఓ 2230 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అది 25 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతను కోరుతుంది. మన జిల్లాలో ఏసీ లేని గదిలో అది సాధ్యం కాదని అందరికీ తెలుసు. బెల్టుల తయారీదారైన గేట్స్ సంస్థ సూచనలు మనకు కొంత దగ్గరగా ఉంటాయి. 30 డిగ్రీల లోపు, 70 శాతం లోపు తేమలో బెల్టు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అది దాటిన తరువాత సుమారు ప్రతి 8 డిగ్రీల పెరుగుదలకూ నిల్వకాలం సగానికి పడిపోతుంది. 46 డిగ్రీలు దాటే చోట అసలు ఉంచనే కూడదు. అంటే చల్లని చోట ఆరేళ్ళు నిలిచే బెల్టు, 38 డిగ్రీల దగ్గర ఎప్పుడూ ఉంటే మూడేళ్ళకే ఆ స్థితికి వస్తుంది. రోహిణి కార్తెలో బయట నీడలోనే 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు, రేకుకు జానెడు దూరంలో ఉన్న మీ అటక మీద ఎంత ఉంటుందో ఒక చౌక థర్మామీటరు పెట్టి మధ్యాహ్నం రెండు గంటలకు చూడండి. అది చూశాక మీరే ఆ పెట్టెలను కిందికి దించుతారు.

కాబట్టి మొదట చేయవలసింది బెల్టులను అటక మీద నుంచి తీసి, పడమటి ఎండ తగలని గోడ వైపు కింది అరలోకి మార్చడం. కింది అర అన్నాను కదా అని నేల మీద పెట్టవద్దు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరులో ఎన్ని కాలనీలు నీట మునిగాయో మనం మరువలేదు, ఈశాన్య రుతుపవనాల వానలు ఏటా వచ్చేవే. నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున ఉంటే తడి రాదు, రేకు వేడి కూడా అంతగా దిగదు. కిటికీ నుంచి నేరుగా ఎండ పడకుండా చూసుకోండి. ఎలుకలు ఉన్న గది అయితే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు వాడండి, అయితే లోపల తేమ చేరిన రోజున మూత పెట్టి బిగించవద్దు.

జవాబు (ఒంగోలు, స్కూటర్ మెకానిక్)

నెల్లూరు వారు చెప్పినదంతా నిజమే కానీ, మేకులకు వేలాడదీయడం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. నా దగ్గరకు వచ్చే చెడిన కొత్త బెల్టులలో ఎక్కువ భాగం వేడి వల్ల కాదు, వంచడం వల్లనే చెడినవని నేను చూసి చెబుతున్నాను. సన్నని మేకు మీద నెలల తరబడి వేలాడిన బెల్టు ఆ ఒక్క చోట మడత పడినట్టుగా ఆకారం నిలుపుకుంటుంది. లోపలి పోగులు అక్కడ నలుగుతాయి. బండికి బిగించాక ఆ చోటు పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ సన్నని అదురు వస్తుంది, కస్టమరు దాన్ని క్లచ్ లోపం అనుకుంటాడు. దుకాణాల్లో చోటు కలిసి వస్తుందని బెల్టును ఎనిమిది అంకెలాగా మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేయడం, ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బ్రేకు డ్రమ్ముల పెట్టె పెట్టడం కూడా ఇంత చేటే చేస్తాయి.

స్కూటర్ బెల్టు చిన్నదే కాబట్టి దాన్ని చుట్టవలసిన అవసరమే లేదు. కంపెనీ అట్ట తొడుగులో వచ్చినది వచ్చినట్టుగా, సహజమైన గుండ్రని ఆకారంలో, బల్లపరుపుగా పడుకోబెట్టాలి. తప్పనిసరిగా వేలాడదీయాలంటే మేకు బదులు వెడల్పైన పీవీసీ గొట్టం ముక్కను గోడకు బిగించి దాని మీద వేయండి.

ఏథర్ 450 వంటి విద్యుత్ స్కూటర్లకూ, రివోల్ట్ ఆర్‌వీ 400 మోటార్‌సైకిల్‌కూ, హార్లీ-డేవిడ్సన్ పెద్ద బండ్లకూ వచ్చే పళ్ళ బెల్టుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాటిలో పోగులు లాగుడుకు ఎంత గట్టివో, మడతకు అంత సున్నితమైనవి. బెల్టును లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి చూడకూడదు, మెలిపెట్టకూడదు, అది తిరిగే చిన్న పుల్లీ కంటే చిన్న వలయంగా వంచకూడదు. కస్టమరుకు చూపించడానికి కౌంటరు మీద పిండినట్టుగా వంచి చూపే అలవాటు చాలామందికి ఉంది. ఒక్కసారి నలిగిన పోగు బయటికి కనపడదు, కొన్ని వేల కిలోమీటర్ల తరువాత రోడ్డు మీదే తెగుతుంది.

మీకు తిరిగి వచ్చిన బెల్టులను ఒకసారి పరిశీలించండి. పగుళ్ళు పళ్ళన్నిటి మధ్యా సమానంగా ఉంటే బిరుసెక్కడం కారణం కావచ్చు. ఒకే చోట ఉంటే నిల్వలో పడిన మడతను అనుమానించండి. పక్కలు మాత్రమే అద్దంలా నిగనిగలాడుతుంటే అది జారడం వల్ల వచ్చినది, పుల్లీకి గ్రీజు అంటిందేమో మెకానిక్కును అడగండి.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు (కావలి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. తిరిగి వచ్చిన వాటిలో ఒకదానికి పగుళ్ళు ఒకే పక్కన, నాలుగైదు పళ్ళ దగ్గర మాత్రమే ఉన్నాయి, అది మేకుకు వేలాడిన రకమే. అయితే అదే మేకుల వరుసలో వెల్డింగ్ షాపు గోడకు దూరంగా ఉన్న బెల్టులు బాగానే ఉన్నాయి. దీనికి కారణం ఏమై ఉంటుంది? మరో సంగతి, కొందరు బెల్టుకు కొబ్బరినూనె గానీ పౌడరు గానీ రాసి ఉంచమంటున్నారు. అది మంచిదేనా? దూరప్రయాణాలు చేసేవారు అదనపు బెల్టును డిక్కీలో పెట్టుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు.

జవాబు (నెల్లూరు, టోకు వ్యాపారి)

మీరు గమనించిన తేడాలోనే అసలు విషయం ఉంది. వెల్డింగ్ వెలుగు చుట్టూ ఉన్న గాలిలోని ఆక్సిజన్ కొంత ఓజోనుగా మారుతుంది. బ్రష్షులున్న గ్రైండింగ్, డ్రిల్లింగ్ మిషన్ల నిప్పురవ్వల దగ్గర కూడా ఓజోను పుడుతుంది. ఇది రబ్బరు అణువుల గొలుసులను తెంచే వాయువు. అయితే సాగి ఉన్న రబ్బరునే అది పగలగొడుతుంది, విశ్రాంతిగా ఉన్న రబ్బరుకు పైపై పొర తప్ప పెద్దగా నష్టం ఉండదు. మేకు మీద వంగిన చోట బెల్టు బయటి వైపు ఎప్పుడూ సాగే ఉంటుంది కాబట్టి, వెల్డింగ్ గోడ పక్కన వేలాడిన బెల్టుకు ఆ చోటే ముందుగా పగిలింది. కనుక నేను చెప్పిన వేడి, ఒంగోలు వారు చెప్పిన వంపు రెండూ వేరువేరు కారణాలు కావు. బిరుసెక్కిన రబ్బరు వంపును ఓర్చుకోలేదు, వంగిన రబ్బరు ఓజోనును ఓర్చుకోలేదు. ఈపీడీఎం బెల్టులు ఓజోనుకు చాలా వరకు నిలుస్తాయి, క్లోరోప్రీన్ రకాలకు అంత ఓర్పు లేదు. ఏది ఏ రకమో చూసి చెప్పడం కష్టం కాబట్టి అన్నిటినీ ఆ గోడకు దూరంగానే పెట్టండి. ఇన్వర్టరు బ్యాటరీలు, పెట్రోలు, థిన్నరు, బ్లీచింగ్ పౌడరు కూడా ఆ గదిలో వద్దు.

జవాబు (కనిగిరి, స్కూటర్ మెకానిక్)

నూనె ఏదైనా సరే బెల్టుకు రాయకూడదు. కొబ్బరినూనె రబ్బరులోకి ఇంకి ఉబ్బిస్తుంది, మిగిలినది పుల్లీ మీద పట్టు పోగొడుతుంది. పౌడరు వల్ల నిల్వలో హాని లేకపోయినా, తుడవకుండా బిగిస్తే జారుతుంది కాబట్టి దాని అవసరమే లేదు. బిగించే ముందు పొడి గుడ్డతో తుడవడం, వెడల్పును వెర్నియర్ కొలపరికరంతో కొలిచి కంపెనీ కొలతతో సరిచూడడం, పళ్ళ మధ్య వెలుతురులో పరిశీలించడం, బాణం గుర్తు ఉంటే తిరిగే దిక్కుకు పెట్టడం చాలు. బెల్టును స్క్రూడ్రైవరుతో ఎత్తి పుల్లీలోకి దూర్చవద్దు. వెనక పుల్లీని చేత్తో విడదీసి లోపలికి దించితే ముందు భాగంలో కావలసినంత వదులు దొరుకుతుంది.

డిక్కీ సంగతికి వస్తే, మా కనిగిరి, పొదిలి వైపు ఎండకు నిలిపిన బండి డిక్కీలో కింద నుంచి ఇంజను వేడి, పైన నుంచి సీటు వేడి కలుస్తాయి. అక్కడే ఆయిల్ గుడ్డ, స్పానర్లు, వానకోటు కుక్కి ఉంటాయి. ఆ సందులో ఇమడాలని బెల్టును మడవక తప్పదు. అందువల్ల రోజువారీగా డిక్కీలో ఉంచడం నాకు సమ్మతం కాదు. శ్రీశైలం ఘాటు వంటి దారికి వెళ్ళేవారు ప్రయాణం వరకు అట్ట తొడుగుతో సహా వీపు సంచిలో పెట్టుకుని, తిరిగి వచ్చాక ఇంట్లో బీరువాలో పెట్టుకుంటే సరిపోతుంది. బండి నుంచి విప్పిన పాత బెల్టును అత్యవసరానికి ఉంచుకోదలచినా ఇదే పద్ధతి, కాకపోతే అది తిరిగిన దిక్కును చాక్‌తో గుర్తు పెట్టి ఉంచాలి.

కావలి వారికి ఒక సూచన. కొత్త సరుకు వచ్చినప్పుడు ప్రతి తొడుగు మీదా వచ్చిన నెల, సంవత్సరం పెన్నుతో రాసి, పాతవి ముందు వరుసలో, కొత్తవి వెనక వరుసలో పెట్టండి. అటక మీద వేసవులు గడిపిన బెల్టులను వీటితో కలపకుండా వేరే డబ్బాలో ఉంచి, ఒక్కొక్కటీ పరీక్షించాకే అమ్మండి. చేతికి బిరుసుగా తగిలినది ఉంటే తక్కువ ధరకు కూడా ఎవరికీ ఇవ్వవద్దు.