అప్‌డేట్: ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌కి ఏ కోర్సు చేయాలని అడిగాను కదా

ఎనిమిదేళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాక ఈ రంగంలోకి, అంటే శిక్షణ పాఠాలు రూపొందించే పనిలోకి, రావాలంటే ఇగ్నో ఈ-లెర్నింగ్ పీజీ డిప్లొమా మేలా, లేక ఫీజు ఎక్కువైనా ప్రైవేట్ సర్టిఫికెట్ కోర్సా అని అడిగాను. ముందు ఒక శాంపిల్ చేసి చూడమని మీలో చాలామంది చెప్పారు, అదే చేశాను.

ఆర్టిక్యులేట్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ 30 రోజుల ఫ్రీ ట్రయల్ తీసుకుని, అందులో క్లిక్ చేస్తూ నేర్చుకునే పాఠాలు తయారుచేసే స్టోరీలైన్‌లో ఒకే ఒక్క మాడ్యూల్ తయారుచేశాను, మా తమ్ముడి మందుల షాపులో కొత్తగా చేరిన అబ్బాయి కోసం. డాక్టర్ చీటీలో 500 ఎంజీ అని ఉంటే 650 ఎంజీ మాత్రల స్ట్రిప్పు మీద క్లిక్ చేశాడనుకోండి, మొదట్లో "తప్పు" అని మాత్రమే వచ్చేది. ఆ అబ్బాయి మళ్లీ అదే తప్పు చేస్తుంటే చూసి, చీటీనీ స్ట్రిప్పునీ పక్కపక్కన పెద్దగా చూపించేలా మార్చాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎక్కువసేపు ఈ మార్పు గురించే అడిగారు! కోర్సు తయారీని అయిదు దశలుగా చెప్పే అడ్డీ మోడల్ గురించి ఒక్క ప్రశ్నే వచ్చింది.

ఆరు నెలల కాంట్రాక్ట్ ఉద్యోగం వచ్చింది. ఇగ్నోలో చేరాలనే ఉంది, థియరీలో నాకు నిజంగానే లోటుంది. ఏటీడీ (శిక్షణ రంగంలో పనిచేసేవాళ్ల అమెరికా సంఘం) వాళ్ల సర్టిఫికేషన్లకి పని అనుభవం కావాలి, కాబట్టి అవి ఇప్పుడు కాదు. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.