సంకోచ లోపమా, పీకుడు గుంటా?

ఐటీఐ పిల్లల కోసం ఫౌండ్రీ (కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసే పని) పాఠం రాస్తున్నాను. అల్యూమినియం పోతల్లో వచ్చే ష్రింకేజ్ డిఫెక్ట్‌కి, అంటే లోహం గడ్డకడుతూ తగ్గడం వల్ల పడే గుంటకో చిల్లుకో, ‘సంకోచ లోపం’ అని పెట్టాను. మా తమ్ముడు చదివి, ‘ఎవరికి సంకోచం, లోహానికా?’ అని నవ్వాడు. ఇంకో మాట ఉందా?

— మీ తమ్ముడి నవ్వులో న్యాయం ఉందండీ. ‘సంకోచించకుండా వడ్డించుకోండి’ అనే ఇళ్లలో ఆ మాట బిడియం వైపే పోతుంది. నా పేచీ మాత్రం వేరు. అసలు సంకోచం లోపమే కాదు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణంలో ఆరున్నర శాతం దాకా తగ్గుతుంది. సిలికాన్ బాగా కలిపితే ఇంకాస్త తక్కువ. ఎంత పనిమంతుడు పోసినా ఇది తప్పదు. తగ్గిన చోటికి కరిగిన లోహం వచ్చి చేరకపోతేనే చిక్కు. పలచని గోడలు ముందే గడ్డకడుతూ, పక్కనున్న మందపు భాగం నుంచి లోహాన్ని లాక్కుంటాయి. దాని వంతు వచ్చేసరికి ఆఖరి బంతికి కూర అయిపోయినట్టే. అందుకే అక్కడ రైజర్, అంటే కరిగిన లోహాన్ని నిలవ ఉంచి అందించే గుంత, పెడతారు. అది అన్నిటికన్నా చివర గడ్డకట్టాలి, లేకపోతే పెట్టీ దండగ.

జ్వరం తగిలితే మొహం పీక్కుపోయింది అంటాం కదా, పోతపైన పడే గుంట అచ్చం అదే. నా ఓటు ‘పీకుడు గుంట’కి. లోపల దాగినదానికి ‘తాలు’. ఒకసారి మేం ఒక బ్రాకెట్‌ని రంపంతో కోశాం. పైన అద్దంలా ఉంది, లోపల చిల్లులు చిల్లులుగా, అంచులు గరుకుగా ఉన్నాయి. భూతద్దం పెడితే బుల్లి చెట్ల కొమ్మల్లా కనిపించాయి.

— ‘పీకుడు’ అని బోర్డు మీద రాస్తే క్లాసంతా ఇకిలిస్తుంది, ఆలోచించుకోండి! తాలు మాత్రం భలే ఉంది. గింజకు పాలు అందకపోతేనే కదా తాలయ్యేది. ఇక్కడా అంతే, లోహం అందలేదు.

— సరే, ‘పీక్కుపోయిన గుంట’ అని మర్యాదగా రాస్తాను. లోపలిది తాలు. మరి గ్యాస్ వల్ల వచ్చే చిల్లుకి?

— దానికి వెతుకులాట ఎందుకండీ, బుడగ ఉందిగా. హైడ్రోజన్ చేసే చిల్లు మామూలుగా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. తాలు గరుకు, బుడగ నునుపు. వేలితో తెలియకపోతే భూతద్దం తెమ్మనండి.